హెచ్‌ఎంటీ జనతా రోజూ కట్టుకోవాలంటే ఏమేం చేయించాలి? (సెల్లు వాచీ మానేద్దామని)

ప్రశ్న: గంటలముల్లు

సెల్లు వాచీ పక్కన పెట్టి, కీ ఇచ్చే వాచీ రోజూ కట్టుకుందామని ఆలోచన. చేతిలో ఉన్నది హెచ్‌ఎంటీ జనతా. తెల్ల డయల్, 17 రాళ్ళు (ఇరుసులు అరగకుండా లోపల పెట్టేవి), నొక్కుడు మూత, మెషిన్ మీద దాని రకం నంబరు 0231 అని ఉంది. ఆఖరి సర్వీసు ఎప్పుడు జరిగిందో తెలీదు. వారం రోజులు గమనించి రాసిపెట్టిన లెక్కలివి.

నిండా కీ ఇచ్చినా 21, 22 గంటలకే ఆగిపోతోంది. ఫోన్‌లో టైమ్‌గ్రాఫర్ యాప్ (వాచీ టిక్కులు విని నడక లెక్కగట్టేది) పెట్టి చూస్తే, డయల్ పైకి ఉన్నప్పుడు రోజుకు 45 సెకన్లు ఫాస్ట్. కీ కిందికి వచ్చేలా నిలబెడితే రోజుకు 70 సెకన్లు స్లో. యాంప్లిట్యూడ్ (లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీలు ఊపు) 195 డిగ్రీలు, బీట్ ఎర్రర్ 2.8 మిల్లీసెకన్లు. ఆగిన వాచీకి కీ ఇస్తే దానంతటది కదలదు, కాస్త విదిలించాలి.

అన్నిటికంటే వింత ఏమిటంటే, సెకన్ల ముల్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది గానీ ఒక్కోరోజు సాయంత్రానికి నిమిషాల ముల్లు 10, 15 నిమిషాలు వెనకపడి ఉంటుంది. టైము పెట్టేటప్పుడు ముళ్ళు మరీ తేలిగ్గా తిరుగుతున్నాయి.

బజారులో ఒకరు "పెట్రోల్లో కడిగి ఆయిలింగ్ చేస్తే చాలు" అన్నారు. ఇంకొకరు "ఎందుకండీ ఈ తిప్పలు, ఇదే కేసులో సెల్లు మెషిన్ బిగించేస్తా" అన్నారు. రెండూ మనసుకు ఎక్కలేదు. అసలు జబ్బు ఏమిటి, రిపేరు చేసేవారికి ఏమని చెప్పాలి, బాగయ్యాక రోజుకు ఎన్ని సెకన్ల తేడా వరకు సర్దుకుపోవచ్చు? ఇంకొకటి కొనాల్సి వస్తే అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1: పదిహేడురాళ్ళు

మీరు రాసిన లెక్కల్లోనే సగం రోగనిర్ధారణ అయిపోయింది. ఇది ఒక జబ్బు కాదు, మూడు కలిసి ఉన్నాయి. విడివిడిగా చూడాలి.

మొదట నిమిషాల ముల్లు సంగతి. అది కానన్ పినియన్ వదులైన లక్షణం. నిమిషాల ముల్లు కూర్చునేది కానన్ పినియన్ అనే చిన్న గొట్టం మీద. ఆ గొట్టం సెంటర్ వీలు ఇరుసు మీద కేవలం బిగువుతో పట్టుకుని ఉంటుంది, స్క్రూ ఏమీ ఉండదు. టైము పెట్టేటప్పుడు జారాలి, మామూలప్పుడు జారకూడదు. ఆ బిగువు పోతే లోపల చక్రాలన్నీ సరిగ్గానే తిరుగుతాయి, సెకన్ల ముల్లూ తిరుగుతుంది, గంటల నిమిషాల ముళ్ళు మాత్రం వెనకబడతాయి. ముళ్ళు తేలిగ్గా తిరుగుతున్నాయని మీరే రాశారు, ఇక సందేహం అక్కర్లేదు. దీనికి కొత్త భాగం కొనక్కర్లేదు. గొట్టం పక్కన ఒక చిన్న నొక్కు ఉంటుంది. లోపల సరిపడే నున్నటి సూది పెట్టి ఆ నొక్కును ఒక్క పిసరు లోపలికి నొక్కాలి. సూది పెట్టకుండా నొక్కితే గొట్టం నలిగి మొదటికే మోసం వస్తుంది. బిగించాక రవ్వంత గ్రీజు. మరీ బిగిసినా తప్పే, టైము పెట్టేటప్పుడు కీ వైపు పళ్ళ మీద బరువు పడి అరిగిపోతాయి.

రెండోది బీట్ ఎర్రర్ 2.8. బ్యాలెన్స్ వీలు అటూ ఇటూ ఊగే ఊపులు రెండూ సమానంగా లేవన్నమాట. ఆగిన వాచీని విదిలిస్తే తప్ప కదలకపోవడానికి ఇదే ప్రధాన కారణం. 1 లోపుకి వస్తే చాలు, 0.6 లోపుంటే చాలా బాగున్నట్టు. బ్యాలెన్స్‌ను ఊపే సన్నటి చుట్ట స్ప్రింగును హెయిర్ స్ప్రింగు అంటారు. దాని చివర పట్టుకునే స్టడ్ జరిగే రకమైతే దాన్ని వెంట్రుకవాసి జరపడంతో పని అయిపోతుంది. స్టడ్ కదలని పాత మెషిన్లలో బ్యాలెన్స్ బయటికి తీసి, హెయిర్ స్ప్రింగు మధ్యలో ఉన్న కాలెట్ అనే చిన్న ఉంగరాన్ని తిప్పాలి. అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. స్ప్రింగు ఒక్కసారి వంగితే మళ్ళీ సరిచేయడం గంటల వ్యవహారం.

మూడోది 195 యాంప్లిట్యూడ్, 22 గంటల ఓపిక. ఈ రెండూ అక్కాచెల్లెళ్ళు. ఎండిన ఆయిలు, అలిసిపోయిన మెయిన్ స్ప్రింగు (కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపేది). మంచి స్థితిలో ఉన్న ఇలాంటి మెషిన్ నిండా కీ ఇచ్చాక డయల్ పైకి ఉన్నప్పుడు 260 నుంచి 300 డిగ్రీలు ఊగాలి, నిలబెడితే ఓ 30, 40 తగ్గొచ్చు, 24 గంటల తర్వాత కూడా 200 కిందికి దిగకూడదు. నడక 40 గంటల దాకా రావాలి. ఇక్కడో హెచ్చరిక. యాప్‌లో లిఫ్ట్ యాంగిల్ అనే అంకె మెషిన్‌కు తగ్గట్టు పెట్టకపోతే యాంప్లిట్యూడ్ తప్పు చూపిస్తుంది. ఫాస్ట్, స్లో లెక్క మీద మాత్రం దాని ప్రభావం ఉండదు. కాబట్టి 195ని నిక్కచ్చి అంకెగా తీసుకోకండి, "తక్కువ" అని మాత్రం తీసుకోండి.

పడుకోబెడితే ఫాస్ట్, నిలబెడితే స్లో అనేది కూడా ఈ తక్కువ ఊపు వల్లే పెద్దదై కనిపిస్తోంది. ఊపు తగ్గేకొద్దీ బ్యాలెన్స్ వీలు బరువులో ఉన్న చిన్న అసమానతలన్నీ నిలబెట్టినప్పుడు బయటపడతాయి. అందుకే సర్వీసు కాకముందు రెగ్యులేటరు (ఫాస్ట్, స్లో సరిచేసే మీట) ముట్టుకోవద్దు. ఇప్పుడు సరిచేస్తే సర్వీసు అయ్యాక మళ్ళీ తప్పుతుంది.

సెల్లు మెషిన్ వేయించే ఆలోచన అస్సలు వద్దు. ఆ కేసు లోపలి కొలత, డయల్ కాళ్ళు, ముళ్ళ రంధ్రాలు ఏవీ దానికి సరిపోవు. డయల్ కాళ్ళు విరిచి, వెనక జిగురుతో అంటిస్తారు. ఆ తర్వాత అది జనతా కాదు, జనతా బొమ్మ.

జవాబు 2: ముప్పైరెండువేలు

సెల్లు పక్షాన ఒకరైనా మాట్లాడాలి కదా, ఆ పని నేను చేస్తాను.

క్వార్ట్జ్ రాయి సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క తాకుడు. మామూలు సెల్లు వాచీ నెలకు 15 సెకన్లు తప్పుతుంది. మీ జనతా గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు 5. అద్భుతంగా సర్వీసు చేయించినా రోజుకు 15, 20 సెకన్లు తప్పుతుంది. నెలంతా కలిపి క్వార్ట్జ్ చేసే తప్పు ఇది ఒక్కరోజులో చేస్తుంది. 1969 డిసెంబరు 25న మొదటి క్వార్ట్జ్ చేతివాచీ సీకో ఆస్ట్రాన్ వచ్చిన రోజే ఖచ్చితత్వం పోటీ ముగిసిపోయింది. ఆ కారణంతో కీ వాచీ కట్టేవాళ్ళు తమను తాము మోసం చేసుకుంటున్నారు.

అయితే సెల్లు వాచీలు త్వరగా పాడవుతాయన్న పేరు మాత్రం చాలావరకు క్వార్ట్జ్ తప్పు కాదు, సెల్లు వేసేవారి తప్పు. చాలా వాచీల్లో పడే కొలత ఎస్‌ఆర్626ఎస్‌డబ్ల్యూ, దాన్నే 377 అంటారు. సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు, 6.8 మిల్లీమీటర్ల వ్యాసం, 2.6 మందం. బజారులో అదే కొలతలో అగ్గువకు దొరికే ఎల్‌ఆర్626 ఆల్కలైన్ రకం. అది వోల్టేజీ మెల్లగా జారుకుంటూ పోతుంది, అయిపోయాక లోపల వదిలేస్తే కారుతుంది, కారిన ద్రవం కాయిల్‌ను తినేస్తుంది. సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు ఒక్కసారిగా దూకడం మొదలుపెట్టిందంటే సెల్లు చివరికొచ్చిందని వాచీయే చెబుతున్నట్టు. అప్పుడే మార్చాలి. వాడని వాచీలోంచి సెల్లు తీసేయాలి.

మీరు కీ వాచీ కోరుకోవడానికి సరైన కారణం వేరే ఉంది. చవక క్వార్ట్జ్ మెషిన్ చాలావరకు ప్లాస్టిక్. ఒక పన్ను విరిగితే మెషిన్ మొత్తం మార్చడమే, ఆ మెషిన్ తయారీ ఆగిపోతే కథ కంచికి. కీ వాచీలో ప్రతి భాగం విప్పొచ్చు, కడగొచ్చు, ఇంకో పాత మెషిన్లోంచి తీసి వేయొచ్చు. ఈ ఒక్క వాదన ముందు నా దగ్గర జవాబు లేదు. కానీ నాలుగైదేళ్ళకోసారి సర్వీసు ఖర్చు పెట్టుకునే ఉద్దేశం లేకపోతే ఆ వాదన మీకు వర్తించదు. ఎండిన ఆయిలుతో నడిపించే కీ వాచీ తన ఇరుసుల్ని తానే అరగదీసుకుంటుంది. నెలకు ఒకసారి కట్టుకుని మురిసిపోదామంటే అది వేరు. రోజూ అంటే ఆలోచించుకోండి.

జవాబు 3: చుక్కనూనె

ముప్పైరెండువేలు గారు ఆఖరి పేరాలో చెప్పింది అక్షరాలా నిజం కాబట్టి, ఆ సర్వీసు అంటే ఏమిటో రాస్తాను. రిపేరు చేసేవారిని ఏం అడగాలో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

"పెట్రోల్లో కడిగి ఆయిలింగ్" అంటే సాధారణంగా జరిగేది ఇది: బ్యాలెన్స్ మాత్రం తీసి, మిగతా మెషిన్ మొత్తాన్ని పెట్రోల్ గిన్నెలో ముంచి, ఊది ఆరబెట్టి, కనిపించిన ప్రతి రంధ్రంలో కాస్త ఆయిలు వేయడం. రాళ్ళ లోపల, ఇరుసుల చుట్టూ గట్టిపడిన పాత జిగట ముంచితే పోదు. కరిగీ కరగక పక్కలకు పాకుతుంది. దాని మీద కొత్త ఆయిలు పడితే రెండూ కలిసి మూడు నెలల్లో మళ్ళీ పేస్టు అవుతుంది. పెట్రోలు ఆరాక ఒక పల్చని పొర కూడా మిగులుతుంది. మొదటి నెల బ్రహ్మాండంగా నడిచి తర్వాత ఆగిపోయే వాచీలన్నీ ఈ బాపతే.

అసలు పద్ధతి ఇలా ఉంటుంది. మూత తీశాక ముందు మెయిన్ స్ప్రింగు బలం దించాలి. కీ పట్టుకుని, క్లిక్ అనే చిన్న కొక్కెం పక్కకు నెట్టి, కీని వేళ్ళ మధ్య మెల్లగా వెనక్కి తిరగనివ్వాలి. ఒక్కసారిగా వదిలితే కొక్కెమో పళ్ళో పోతాయి. తర్వాత కీ కాడ బయటికి తీయాలి. కొన్ని మెషిన్లలో నొక్కే బొడిపె ఉంటుంది, కొన్నింట్లో స్క్రూ. స్క్రూ అయితే రెండు మూడు చుట్లు వదులు చేస్తే చాలు. పూర్తిగా విప్పేస్తే డయల్ కింద సెట్టింగ్ లివర్ ఊడి పడుతుంది, అప్పుడు డయల్ తీయకుండా కాడ మళ్ళీ పట్టదు. క్రౌన్ వీలు (కీ తిప్పితే తిరిగే పళ్ళ చక్రం) స్క్రూ చాలా మెషిన్లలో ఎడమ మర, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో విప్పాలి. తల మీద మూడు గాట్లు ఉంటే అదే గుర్తు. మామూలు స్క్రూ అనుకుని బలంగా తిప్పి విరగ్గొట్టినవి లెక్కలేనన్ని.

ప్రతి చక్రం, చక్రాలను పైనుంచి పట్టి ఉంచే ప్రతి బ్రిడ్జి విడదీసి కడగాలి. ప్యాలెట్ ఫోర్క్‌నూ (చివరి చక్రం పళ్ళను ఒక్కొక్కటిగా వదిలే కొక్కెం) బ్యాలెన్స్‌నూ మాత్రం ఆల్కహాల్లో నానబెట్టకూడదు. ప్యాలెట్ రాళ్ళు, బ్యాలెన్స్ కింద ఉండే ఇంపల్స్ రాయి లక్కతో అతికించి ఉంటాయి, ఆల్కహాల్లో లక్క కరుగుతుంది. వాటికి లైటర్లలో పోసే నాఫ్తాలో రెండు మూడు నిమిషాలు చాలు. రాళ్ళ రంధ్రాలను కొనదేరిన మెత్తని పుల్లతో తిప్పితిప్పి తుడవాలి, పుల్ల మొన తెల్లగా వచ్చేదాకా.

బ్యారెల్ (మెయిన్ స్ప్రింగు ఉండే డబ్బా) విప్పి మెయిన్ స్ప్రింగు చూడటం తప్పనిసరి, మీ కేసులో మరీను. బయటికి తీసి బల్ల మీద వదిలితే బాగా విచ్చుకుని బయటి కొస వెనక్కి వంగి ఎస్ ఆకారంలో పడాలి. బ్యారెల్ కంటే కాస్త పెద్ద చుట్టలా ముడుచుకునే ఉంటే దాని పని అయిపోయింది. 22 గంటలకే ఆగే వాచీలో నేనైతే చూడకముందే కొత్తది తెప్పించి పెట్టుకుంటాను. కొలవాల్సినవి ఎత్తు, మందం, పొడవు. మందం కాస్త ఎక్కువది వేస్తే బలం పెరుగుతుంది కదా అని కొందరు వేస్తారు. నడిచే గంటలు తగ్గుతాయి, బ్యాలెన్స్ ఊపు హద్దు దాటి ఇంపల్స్ రాయి ఫోర్క్ బయటి వైపును కొట్టుకుంటుంది, వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ఫాస్ట్ అవుతుంది.

తిరిగి కూర్చేటప్పుడు ఒక పరీక్ష. ప్యాలెట్ ఫోర్క్ వేయకముందు చక్రాలన్నీ పెట్టి బ్రిడ్జి బిగించి, కీ రెండు మూడు పళ్ళు మాత్రం ఇవ్వాలి. చక్రాలు గిర్రున తిరిగి, ఆగేముందు చివరి చక్రం కొద్దిగా వెనక్కి తిరగాలి. ఆ వెనక్కి తిరగడం లేకపోతే ఎక్కడో మురికో, బిగుతో, వంగిన ఇరుసో ఉన్నట్టు. దాన్ని వదిలేసి ముందుకు పోతే ఎంత ఆయిలు వేసినా యాంప్లిట్యూడ్ రాదు.

ఇక ఆయిలు. ఒక్క సీసా ఆయిలు అన్ని చోట్లకీ పనికిరాదు. వేగంగా తిరిగే ఎస్కేప్ వీలుకు (అదే చివరి చక్రం), సెకన్ల చక్రానికి, బ్యాలెన్స్ రాళ్ళకు పల్చటిది, మోబియస్ కంపెనీ 9010. నెమ్మదిగా బరువు మోసే సెంటర్ వీలుకు, బ్యారెల్ ఇరుసుకు చిక్కటిది, హెచ్‌పీ 1300 లాంటిది. ప్యాలెట్ రాళ్ళ ముఖానికి 9415. కీ కాడకు, జారే పినియన్‌కు గ్రీజు. రాయి చుట్టూ ఉండే గుంట సగం, మహా అయితే మూడింట రెండొంతులు నిండాలి. గుంట పొర్లితే ఆయిలు ఇరుసు దగ్గర నిలవదు, ప్లేటు మీదకు పాకిపోతుంది, రాయి ఎండిపోతుంది. ఎక్కువ వేయడం వల్ల ఎండిపోవడం విడ్డూరంగా అనిపిస్తుంది గానీ జరిగేది అదే. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకు అసలు వేయకూడదు. హెయిర్ స్ప్రింగు మీద ఒక్క తడి మచ్చ పడినా చుట్లు అంటుకుంటాయి. కుట్టుమిషన్ ఆయిలు, కొబ్బరినూనె పేర్లు ఎత్తినవారి దగ్గర వాచీ వెనక్కి తీసుకుని వచ్చేయండి.

మీరు అడగాల్సినవి మూడే మూడు: చక్రాలు విడదీసి కడుగుతారా, మెయిన్ స్ప్రింగు మారుస్తారా, ఇచ్చేముందు టైమ్‌గ్రాఫర్ మీద డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి మూడు స్థితుల్లో చూపిస్తారా. మూడింటికీ ఔననేవారు ఎక్కువ తీసుకుంటారు, రోజుల తరబడి ఉంచుకుంటారు. అదీ లెక్కలో పెట్టుకోండి.

గంటలముల్లు

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు అందరికీ. సర్వీసుకు ఇచ్చేస్తాను. మూడు చిన్న సందేహాలు. కీ చివరిదాకా ఇస్తే స్ప్రింగు తెగుతుందంటారు, ఎన్ని చుట్లకు ఆపాలి? రోజుకు ఎన్ని సెకన్లు తేడా ఉంటే బాగున్నట్టు? ఉండేది కాకినాడ వైపు, ఎండాకాలం ఉక్కపోతకు, చెమటకు ఇది తట్టుకుంటుందా?

జవాబు 4: పదిహేడురాళ్ళు

చివరిదాకా ఇస్తే తెగుతుందన్నది పాత నమ్మకం. కీ వాచీలో మెయిన్ స్ప్రింగు బయటి కొస బ్యారెల్ గోడకు కొక్కెంతో పట్టి ఉంటుంది. నిండాక కీ గట్టిగా ఆగుతుంది, అక్కడ ఆపాలి, అంతే. "ఎక్కువ కీ ఇచ్చి పాడుచేశారు" అని బజారులో చెప్పే వాచీల్లో స్ప్రింగు నిండే ఉంటుంది, ముందుకు కదలకపోవడానికి కారణం మురికి. చుట్లు లెక్కపెట్టక్కర్లేదు. 25, 30 మధ్య ఎక్కడో ఆగుతుంది. వేలిని వెనక్కీ ముందుకీ ఆడించే కదలికలకు లెక్క ఇంకా తప్పుతుంది కూడా.

రోజూ ఒకే వేళకు, పొద్దున్నే ఇవ్వండి. స్ప్రింగు మొదటి 24 గంటలు దాదాపు సమంగా తోస్తుంది, ఆ తర్వాత బలం తగ్గి నడక మారుతుంది. పొద్దున ఇస్తే పగలంతా చేతి కుదుపులకు తట్టుకునే నిండు బలం ఉంటుంది. చేతికి ఉండగా కీ ఇవ్వొద్దు, విప్పి ఇవ్వండి. చేతి మీద ఇస్తే కాడను పక్కకు లాగుతూ తిప్పుతాం, గొట్టం అరిగి కీ ఊగులాడుతుంది, అక్కడినుంచే దుమ్మూ చెమటా లోపలికి పోతాయి.

తేడా సంగతి: రోజుకు 30 సెకన్లు తప్పడం అంటే 86,400లో 30, అంటే వెయ్యో వంతులో దాదాపు మూడో వంతు. అరచెయ్యంత లేని యంత్రం ఏ కరెంటూ లేకుండా అలా నడవడం తక్కువేమీ కాదు. సర్వీసు తర్వాత చేతి మీద రోజుకు 10 నుంచి 20 సెకన్లు ఫాస్ట్ ఉండేలా పెట్టించుకోండి. స్లో కంటే ఫాస్ట్ మేలు. మిగిలిన తేడాను రాత్రి వాచీ పెట్టే తీరుతో సర్దొచ్చు. పడుకోబెడితే ఫాస్ట్, కీ కిందికి నిలబెడితే స్లో అని మీ వాచీ చెప్పింది కదా, సర్వీసు అయ్యాక కూడా ఆ ధోరణి కాస్త మిగులుతుంది. వారానికోసారి రాత్రంతా నిలబెట్టి చూడండి.

జనతాలో కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి సెకన్లతో సహా టైము కలపాలన్న పట్టుదల పెట్టుకోకండి.

జవాబు 5: ఉప్పుగాలి

కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపు వారికి ఆయిలు కంటే పెద్ద శత్రువు చెమట. జనతా లాంటి నొక్కుడు మూత కేసులకు నీటిని ఆపే ఏర్పాటు అంటూ చెప్పుకోదగ్గది లేదు. వానలో, గిన్నెలు కడిగేటప్పుడు, స్కూటర్ తుడిచేటప్పుడు తీసేయాల్సిందే. సాయంత్రం ఇంటికి రాగానే కేసు వెనక భాగం, కీ చుట్టూ పొడి గుడ్డతో తుడిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. ఎక్కువగా తుప్పు మొదలయ్యేది కీ కాడ మీద. కాడ లోపలికి తుప్పు పాకితే కీ బిగుసుకుంటుంది, బలంగా తిప్పితే కాడ విరుగుతుంది. కీ తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు చప్పుడు వస్తే ఆలస్యం చేయకండి.

అద్దం లోపల ఆవిరి కనబడితే ఎండలో పెట్టకండి, బియ్యం డబ్బాలో పెట్టినా లాభం లేదు. ఆ రోజే మూత తీయించి ఆరబెట్టించాలి. ఉప్పు కలిసిన తడి రెండు రోజుల్లో ఉక్కు భాగాల మీద చుక్కలు పెడుతుంది, హెయిర్ స్ప్రింగు మీద ఒక్క చుక్క పడినా అంతే సంగతులు.

చెమటకు తోలు పట్టీ మూడు నెలల్లో వాసన కొడుతుంది. జనతా లగ్గుల (పట్టీ తగిలించే కొమ్ముల) మధ్య కొలత 18 మిల్లీమీటర్లు, ఆ కొలతలో నైలాన్ పట్టీ తీసుకోండి, ఉతుక్కోవచ్చు. పైగా అడుగున వెళ్ళే రకం పట్టీ అయితే చెమట నేరుగా మూతకు తగలదు. అద్దం ప్లాస్టిక్‌దే కాబట్టి గీతలు పడతాయి, కానీ పాలిష్ పేస్టుతో పది నిమిషాలు రుద్దితే పోతాయి. గాజు (మినరల్) అద్దానికి ఆ సౌకర్యం లేదు.

ఇంకో సంగతి. ఉన్నట్టుండి వాచీ రోజుకు మూడు నాలుగు నిమిషాలు ఫాస్ట్ అయితే రిపేరుకు పరిగెత్తకండి. ఫోన్ కవరు అయస్కాంతం, స్పీకరు, చేతిసంచి మూత దేనికో తగిలి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయేమో చూడండి. దిక్సూచి పక్కన పెడితే సూది కదులుతుంది. అయస్కాంతం తీసే చిన్న పెట్టె రిపేరు చేసేవారి దగ్గర ఉంటుంది, ఒక్క నిమిషం పని.

జవాబు 6: డయల్‌చూపు

కొనే సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. తర్వాత తుమకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలోనూ ఫ్యాక్టరీలు పెట్టింది. 2016 జనవరిలో వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. (హైదరాబాద్ చింతల్ దగ్గర ఉన్నది మెషిన్ టూల్స్ యూనిట్, వాచీలది కాదు. తరచూ ఈ రెండూ కలిపేస్తుంటారు. మన ఇళ్ళలో వండుకునే హెచ్‌ఎంటీ బియ్యానికి ఆ పేరు పెట్టింది మాత్రం ఈ వాచీని చూసే. ఆ రకాన్ని ఎంపిక చేసి పెంచిన చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే పెట్టిన పేరది.) ఇప్పుడు ఇంటర్నెట్‌లో రంగురంగుల "పాత హెచ్‌ఎంటీ"లు కుప్పలుగా అమ్ముతున్నారు. వాటిలో పెద్దభాగం పాత మెషిన్‌కు కొత్తగా రంగువేసిన డయల్ తగిలించినవి. అన్నిటికంటే ఎక్కువ రంగు మార్చేది నల్ల డయల్ ఉండే పైలట్ అనే మోడల్‌ను.

భూతద్దంతో చూడాల్సినవి చెబుతా. అక్షరాల అంచులు పదునుగా ఉండాలి. కొత్తగా వేసిన డయల్ మీద సిరా కాస్త ఉబ్బి, అంచులు పాకినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు సరిగ్గా చుట్టూ సమానంగా ఉండాలి, 12 దగ్గర గీత లోగో మధ్యకు రావాలి. సెకన్ల ముల్లు మొన నిమిషాల గీతల దాకా చేరాలి, పొట్టిగా ఉంటే వేరే వాచీది. ముళ్ళ మీద, డయల్ మీద వెలుగు రంగు ఒకే ఛాయలో లేకపోతే ఏదో ఒకటి మార్చారు. నలభై ఏళ్ళ వాచీకి డయల్ మాత్రం నిన్న అచ్చేసినట్టు మెరిస్తే అడక్కుండానే పక్కన పెట్టేయండి. ఎర్ర డయల్, ఆకుపచ్చ డయల్, త్రివర్ణం డయల్ జనతాలు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. దేవనాగరిలో "జనతా" అని ఉండే డయల్ మాత్రం అసలుదే, కంపెనీ చేసిందే. దానికీ నకళ్ళు ఉన్నాయి కాబట్టి అచ్చు చూసే తీసుకోండి.

మూత లోపలి ఫోటో ఇవ్వనివారి దగ్గర కొనకండి. ఫోటోలో స్క్రూ తలల గాట్లు చూడండి. అన్నీ చెదిరి, చీరుకుపోయి ఉంటే ఎన్నో మోటు చేతులు పడ్డాయన్నమాట. ప్లేటు మీద తుప్పు మరకలు, ఒక బ్రిడ్జి రంగు మిగతావాటితో కలవకపోవడం, ఇవి రెండు మూడు మెషిన్లు కలిపి ఒకటి చేసిన గుర్తులు. నడుస్తున్న వీడియో పది సెకన్లది కాదు, కీ ఇవ్వకముందు నుంచి తీసినది అడగండి. దానంతటది నడక మొదలుపెడుతుందో లేదో అందులోనే తెలుస్తుంది.

పురానాపూల్ వైపు జుమేరాత్ బజార్ లాంటి పాతసామాన్ల సంతల్లో కొనేవారికి ఒక కిటుకు: అలా నడవని వాచీ, తాకని డయల్‌తో దొరికితే అదే మంచి బేరం. మెషిన్ బాగుచేయొచ్చు. డయల్ పాడైతే ఎవరూ బాగుచేయలేరు. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సీకోతో కలిసి చేసిన కీ వాచీలూ అప్పుడప్పుడు తగులుతాయి. భాగాలు దొరకడం జనతా కంటే బాగా కష్టం, అది తెలిసే తీసుకోండి.

జవాబు 7: ముప్పైరెండువేలు

డయల్‌చూపు గారూ, ఒక చిన్న చేర్పు. భాగాల కోసమే ఒక చెడిపోయిన 0231 మెషిన్ కొని డబ్బాలో పెట్టుకుంటే మంచిది. అన్నిటికంటే ముందు కావాల్సి వచ్చేది బ్యాలెన్స్. పారాషాక్ (దెబ్బకు బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా ఉండే ఏర్పాటు) ఉన్నా గట్టి నేల మీద పక్కగా పడితే ఇరుసు మొన విరుగుతుంది. కొత్త స్టాఫ్ (ఆ ఇరుసు) బిగించేవారు దొరకడం కష్టం, బ్యాలెన్స్ మొత్తం మార్చడమే తేలిక. మార్చాక బీట్ ఎర్రర్ మళ్ళీ చూసుకోవాలి.

గంటలముల్లు

మూడు ప్రశ్నలూ అడిగి, సర్వీసుకు ఇచ్చి తెచ్చాను. మెయిన్ స్ప్రింగు మార్చారు, పాతది కవర్లో పెట్టి ఇచ్చారు. బల్ల మీద వదిలితే చుట్టలాగే పడింది. కానన్ పినియన్ బిగించారు, వారం నుంచి నిమిషాల ముల్లు సెకన్ల ముల్లుతో కలిసే ఉంది. డయల్ పైకి 14 సెకన్లు ఫాస్ట్, కీ కిందికి 9 స్లో, బీట్ ఎర్రర్ 0.9, నడక 39 గంటలు. యాప్‌లో యాంప్లిట్యూడ్ 258.

ఒక్కటే మిగిలింది. టైము పెట్టేటప్పుడు కీ వెనక్కి తిప్పితే సెకన్ల ముల్లు తడబడుతోంది. తప్పేనా?

జవాబు 8: చుక్కనూనె

తప్పు కాదు. కానన్ పినియన్ ఇప్పుడు సరైన బిగువుతో ఉంది కాబట్టి, ముళ్ళు వెనక్కి తిప్పినప్పుడు ఆ బలం కొద్దిగా చక్రాల మీదకు వెళ్ళి మెయిన్ స్ప్రింగుకు ఎదురు తోస్తుంది. క్షణంపాటు తడబడి మళ్ళీ నడిస్తే పట్టించుకోవద్దు. కీ వదిలాక కూడా ఆగే ఉంటే, లేదా ముళ్ళు తిప్పడానికి బలం పెట్టాల్సి వస్తే కాస్త ఎక్కువ బిగించారన్నట్టు, వెనక్కి తీసుకెళ్ళి వదులు చేయించండి. ఈలోగా టైము ముందుకే తిప్పి పెట్టండి. 0.9ని ఇంకా తగ్గించమని అడగొద్దు, ఆ పనికి బ్యాలెన్స్ మళ్ళీ బయటికి తీయాలి.